నాలుగువందల పదకొండు జంటలు

వరద మా వీధిని ముంచిన రెండో ఏడు. నక్షత్రాల పరిశోధనశాలలో నాది రాత్రి కాపలా. అక్కడి శాస్త్రవేత్తను నేను చుక్కలమ్మ అనేవాణ్ణి. ఆమె కంప్యూటర్లో ఉత్తుత్తి నక్షత్రాలను పుట్టించి, ముసలివై చల్లారేదాకా నడిపించేది.

"చచ్చినా వాటికి లెక్క తప్పదా అమ్మా?" అన్నాను ఆ సాయంత్రం.

"తెల్ల మరుగుజ్జులంటారు తాతా వాటిని. కొన్ని ఒంటివి. కొన్ని నువ్వూ అవ్వా లాగా జంటవి. జంటలో ఒకటి పోతే రెండోది ఒంటిదై మిగులుతుంది. అవునూ, అవ్వకి దగ్గు తగ్గిందా?"

"మంచం దిగలేదమ్మా."

ఆమె ఇంటికెళ్ళాక లెక్క ముగిసింది. ఆమె చెప్పి వెళ్ళినట్టే తెర మీది అంకెలు ఫోన్లో ఆమెకు చదివి వినిపించాను. జంటలు నాలుగువందల పన్నెండు. చీటీ మీద రాసి పెట్టుకున్నాను.

గంట తర్వాత చూస్తే పదకొండే ఉన్నాయి. ఒంటివాటిలో ఒకటి పెరిగింది. చీటీ తీసి పోల్చి చూశాను. మళ్ళీ ఫోన్ చేశాను.

"ముగిసిన లెక్క మారదు తాతా. కళ్ళజోడు పెట్టుకున్నావా?"

పెట్టుకునే ఉన్నాను. ఆ గదిలో నా ఊపిరి తప్ప చప్పుడు లేదు. ఇంట్లో మా ముసలిది ఒక్కతే ఉంది.

తెల్లారి ఇంటికి వెళ్ళాను. తలుపు తట్టలేదు. మెట్టు మీద కూర్చుని, లోపల దగ్గు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గాను.