పెదవుల మీది పేరు

ఖటోదరా పారిశ్రామికవాడలోని ఆ మరమగ్గాల షెడ్డులో సాంచల హోరు తప్ప మాట వినబడదు. పనివారు పెదవుల కదలికను బట్టి ఎదుటివారి మాటను గ్రహిస్తారు.

ఆ మధ్యాహ్నం సోమలింగం, ఎదుటి మగ్గం వద్దనున్న పరమేశ్ పెదవులపై తన పేరును స్పష్టంగా చదివాడు. పరమేశ్ కళ్లు మూసుకొని ఉన్నాడు. ఆ పేరునే మళ్లీ పలికాడు.

సోమలింగం చేతిలోని పని ఆపేశాడు. భార్య పోయిన నాటి నుండి అతనికి నిద్ర లేదు. దేహం రోజురోజుకూ సన్నగిల్లుతోంది. పరమేశ్ మాత్రం గుట్కా మానాడు. పనికి ముందు ముఖం కడుక్కొని కాసేపు మౌనంగా నిలబడుతున్నాడు. ఆపైన పడుచువానిలా మగ్గాల మధ్య తిరుగుతున్నాడు. ఒకరి బలాన్ని మరొకరు మంత్రంతో లాగుకొంటారని సోమలింగం చిన్ననాడు విన్నాడు. పరమేశ్‌కు ఆ బలం ఎక్కడిదో ఇప్పుడు అర్థమైంది.

నూలు కత్తిరించే కత్తెరను పిడికిట బిగించి, పరమేశ్ వెనుకకు చేరాడు. చేయి పైకి లేచింది.

కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. హోరులో ఎవరికీ వినబడదని గొంతెత్తిన పరమేశ్ మాట షెడ్డంతా మారుమోగింది.

“యేసయ్యా, నాకిచ్చిన సంతోషం మా సోమలింగమన్నకు గూడ ఇయ్యి! జర కంటి నిండ నిద్రియ్యి తండ్రీ!”

“సాంచలు బంద్, ప్రార్థన షురూ!” అని మూలనుండి ఎవరో నవ్వారు.

పరమేశ్ సిగ్గుతో వెనక్కి తిరిగాడు. “నువ్వీడనే ఉన్నవానే అన్నా? గా కత్తెర ఏంది?”

సోమలింగం చేయి మెల్లగా దిగింది.

“ఇంకొక్కసారి అను తమ్మీ,” అన్నాడు. “కరెంటు రాకముందే.”