పాలపళ్లకు పూత

నంద్యాలలో పళ్ల డాక్టరు ఐదేళ్ల కెజియా నోరంతా చూసి, "ఒక్క పన్నూ పుచ్చలేదే! ఆళ్లగడ్డ నుంచి పనిగట్టుకొని యాల వచ్చినావమ్మా?" అన్నాడు.

"పుచ్చకుండా ఫ్లోరైడ్ పూత పూస్తారంట కదా సార్. అది ఏపిద్దామని," అంది తల్లి రూతమ్మ.

"పాపకు వేరే జబ్బులేమన్నా ఉండాయా?"

"ఏం లేవు సార్."

బయట మే నెల ఎండ. రూతమ్మ పాప తలమీది ఉన్నిటోపీని చెవుల కిందికి లాగింది.

డాక్టరు చిన్న బ్రష్‌తో పాలపళ్లన్నిటికీ పూత పూశాడు. "ఆరు నెలలకు మళ్లీ ఏపించాల."

"ఏ తారీఖు సార్? రాసియ్యండి."

"రాసేదేందమ్మా, ఆరు నెలలే కదా!"

"పాప పేరు కూడా రాయండి సార్."

డాక్టరు నవ్వి చీటీ మీద రాశాడు: కెజియా, నవంబరు 18.

తిరుగు బస్సులో పాప ఒళ్లో నిద్రపోయింది. రూతమ్మ చీటీని ఇంకోసారి చదువుకుని, సంచిలో ఉన్న క్యాన్సరు ఆసుపత్రి ఫైల్లో పెట్టింది. ఇంక చేసేదేమీ లేదని పోయిన వారం పాపను ఇంటికి పంపేస్తూ అక్కడ ఇచ్చిన కాగితంలో, మళ్లీ రావాల్సిన తారీఖు దగ్గర అడ్డగీత గీసి ఉంది.