పూసిన వెదురు

"పూసింది పెద్దమ్మా! నీ వెదురు ఏ జాతో ఇన్నాళ్లకు తేలింది!" నిర్మల సంబరం ఆగడం లేదు. పూత చూస్తేగాని జాతి తేల్చలేక, వృక్షశాస్త్రం లెక్చరరైన ఆమె ఏళ్లుగా శివమ్మ ఊరు పాల్మాకుల చుట్టూ తిరుగుతోంది.

బుట్ట అల్లుతున్న శివమ్మ తల ఎత్తలేదు. "పూసినంక ఏమైతది బిడ్డా?"

"పొద మొత్తం ఎండిపోతుంది." చెప్పాక గాని నిర్మలకు తన నవ్వు ఎబ్బెట్టుగా అనిపించలేదు.

"మా ఆయన రోగం గూడ గిట్లనే. ఇన్నొద్దులు పేరు తెల్వలే. తెలిసిన్నాడే దవాఖానోళ్లు ఇంటికి తీస్కపొమ్మన్నరు."

ఇంట్లోంచి దగ్గు వినిపించింది. శివమ్మ కత్తి అందుకుని లేచి, గొంతు తగ్గించింది.

"ఎండకముందే రెండు బొంగులు కొట్టి నీళ్లల్ల ఏస్త. పాడెకు పచ్చియే గావాలె. జర గా కొస పట్టు బిడ్డా."