వెనక సీటు బరువు

అంబాసిడర్‌ను ఇంత చవగ్గా ఎవరిస్తారు? చీకటిపడ్డ కార్వాన్ గల్లీల్లో బండి నడిపి చూస్తున్న సీమోనుకు అదే మింగుడుపడలేదు. ఇన్నేళ్ళూ ఆఫీసులో దొర కారు నడిపాడు. ఇకనైనా సొంత టాక్సీ తిప్పుకోవాలని ఆశ.

బండి ఎంత తిరిగినా ఇంజను గుండ్రాయిలా ఉంది. వెనక ఎడంపక్క మాత్రం కుంగింది. గుంత వచ్చినప్పుడల్లా అక్కడెవరో కూర్చున్నట్టు ఊగుతోంది.

"కమాను పట్టీలు పోయినయా భాయ్?"

పక్కనున్న యజమాని కమాలుద్దీన్ వెనక్కి చూడలేదు. "మొన్ననే కొత్తయి ఏయించిన. తీస్కుంటవా లేదా, జల్దీ చెప్పన్నా."

కమాలుద్దీన్ ఇంటిముందు సీమోను బండి ఆపాడు. గల్లీలో చడీచప్పుడూ లేదు. ఏళ్ళనాటి అలవాటు ఊరుకుంటుందా? దిగి, చుట్టూ తిరిగి వెళ్ళి, దొర దిగడానికి పట్టుకున్నట్టే వెనక తలుపు తెరిచి పట్టుకున్నాడు.

లోపల ఎవరూ లేరు. సీటు కిర్రుమంది. కుంగిన బండి మెల్లగా లేచి సమంగా నిలబడింది.

కమాలుద్దీన్ ఒక్క ఉదుటున దిగి ఆ తలుపు ధడాలున మూశాడు. పాలిపోయి ఉన్న అతని ముఖంలోకి మళ్ళీ నెత్తురొచ్చింది.

"మాఫ్ చెయ్యన్నా. ఇగ బండి అమ్మేది లేదు."

ఇంట్లోకి పోయి గొళ్ళెం పెట్టుకున్నాడు.

పీడా పోయిందనుకుంటూ సీమోను గోడకానించిన తన సైకిలెక్కాడు. క్యారియర్ కిర్రుమంది. ఆదివారం పెళ్ళాం లీలమ్మను వెనక ఎక్కించుకుని చర్చికి పోయేటప్పటిలా పెడలు బరువుగా కదిలింది.

ఇంటి దగ్గర లీలమ్మ, అతను వచ్చేదాకా తలుపు తెరిచే ఉంచుతుంది.