నాలుగింటికల్లా విజయాలు

"పోయినవాళ్ళ అవార్డులు కూడా రాయమంటారా, డేల్?" కీబోర్డు మీంచి తల ఎత్తకుండానే అడిగింది లొరెట్టా.

"ఎవరు పోయారు?"

"ప్రొఫెసర్ ఓర్విల్. పోయి రెండేళ్ళయింది. ఆయనకొచ్చిన అవార్డు మాత్రం మన వార్తల పేజీలో నిక్షేపంగా ఉంది."

"ఉండనీ. బతికున్న నాకు అది కూడా లేదు," అన్నాడు డేల్.

డేల్ సమాచార వ్యవస్థల విభాగానికి అధిపతి. పేరుకే అధిపతి. ఆ విభాగాన్ని ఇరవై మూడేళ్ళుగా నడుపుతున్నది ఆఫీసు చూసుకునే లొరెట్టాయేనని ఆ ఒహాయో యూనివర్సిటీలో అందరికీ తెలుసు. పిల్లల రిజిస్ట్రేషన్ల నుంచి కాఫీ మిషను దాకా అన్నీ ఆవిడే. విభాగం వెబ్‌సైట్లో ప్రతి నెలా ఒక్కటైనా కొత్త కబురు ఉండాల్సిన 'వార్తలు, విజయాలు' పేజీ కూడా ఆవిడదే.

పొద్దున్న డీన్ దగ్గర్నుంచి ఒకే ఒక్క వాక్యం వచ్చింది. ఐదేళ్ళ వార్తలు, విజయాలు సాయంత్రం నాలుగింటికల్లా కావాలని. తొమ్మిది విభాగాలు మూసేస్తారని, ఆ పేర్లు రేపే చెబుతారని నెల రోజులుగా గుసగుసలు. ఇక వేరే చెప్పాలా?

లొరెట్టా భర్త స్టాన్‌కి వారానికి మూడుసార్లు డయాలిసిస్. దాని ఖర్చు భరించే ఇన్సూరెన్సు ఆవిడ ఉద్యోగంతో ముడిపడి ఉంది. విభాగం పోతే ఉద్యోగం పోతుంది, దాంతో ఇన్సూరెన్సూ పోతుంది. ఆ తర్వాతేమిటో ఆలోచించే ధైర్యం ఆవిడకి లేదు.

"బ్రిజెట్, నీ దగ్గరేమైనా ఉందా తల్లీ?" గుమ్మం దాటుతున్న కుర్ర ప్రొఫెసర్‌ని ఆపింది.

"నా వ్యాసం ఒకటి అచ్చుకి తీసుకున్నారు!"

"ఎప్పుడొస్తుంది?"

"రెండేళ్ళకి."

"అప్పటికి మనం ఉండొద్దూ! సరే, రాస్తాలే. ఇంకా?"

"మన పిల్లలకి రాష్ట్రస్థాయి పోటీలో రెండో స్థానం వచ్చింది."

"ఎన్ని జట్లలో?"

"అది అడక్కు," అని జారుకుంది బ్రిజెట్.

ఎంత గుంజినా పేజీన్నర దాటలేదు. అప్పుడు గుర్తొచ్చింది 'జల్లెడ'.

డేల్ ఆరేళ్ళు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేర్ అది. కిరాణా గోదాముల్లో చోటు తింటూ ఊరికే పడి ఉన్న సరుకేదో లెక్కగట్టి, తీసి పారేయమని చెబుతుంది. మొహమాటమన్నది దానికి తెలియదు. రెండు పెద్ద కిరాణా సంస్థలు కొనుక్కున్నాయి కూడా. పోయిన అక్టోబరులో పేజీకి ఒక్క వార్త దొరక్క, ఖాళీ పేజీ చూస్తే ఒళ్ళు మండే లొరెట్టా తనే ప్రెసిడెంటు ఆఫీసుకి ఉత్తరం రాసింది. మన ఇంటి సొమ్మే, ఊరికే ఇస్తాం, వాడుకోండి అని. వారం తిరక్కుండా తీసుకున్నారు. 'మన జల్లెడ ఇక మన యూనివర్సిటీలోనే!' అని ఫొటోతో సహా పేజీకెక్కించింది. దేనికి వాడుతున్నారని ఎవరూ అడగలేదు. పుస్తకాల షాపుకో, భోజనాల హాలుకో అనుకున్నారంతా.

"దీన్నే మొదటి వార్తగా పెడుతున్నా. పెద్దక్షరాల్లో," అంది.

"పెట్టు. మనల్ని బతికిస్తే అదే బతికించాలి," అన్నాడు డేల్.

కాగితాలు మెయిల్లో పంపితే సరిపోయేది. కానీ లొరెట్టా మనసొప్పక, కోటు తగిలించుకుని, మంచు తొక్కుకుంటూ తనే పట్టుకెళ్ళింది. డీన్ ఆఫీసు గోడ గడియారం నాలుగింటికి ఐదు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

డీన్ ఫిలిప్పా కాగితాలు అందుకుంది. కూర్చోమంది. చదవలేదు.

"స్టాన్ ఎలా ఉన్నాడు?"

ఆ ప్రశ్నతోనే లొరెట్టాకి అర్థమైపోయింది. "మాది ఉందా, ఆ తొమ్మిదిలో?"

ఫిలిప్పా లేచి తలుపు మూసింది. "రేపటిదాకా నోరు విప్పకూడదు. కానీ నీకు అబద్ధం చెప్పలేను. ఉంది."

"ట్రస్టీల ఓటింగు..."

"అయిపోయింది. సోమవారమే."

"మరి ఈ కాగితాలెందుకు అడిగారమ్మా? పొద్దుట్నుంచీ తిండి కూడా తినకుండా..."

"వీడ్కోలు ప్రకటనలో నాలుగు మంచి మాటలు రాయాలి కదా," అంది ఫిలిప్పా, గొంతు తగ్గించి. "నన్ను క్షమించు."

లొరెట్టాకి ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. "ఎవరండీ మా మీద కత్తి పెట్టింది? ప్రెసిడెంటా? ట్రస్టీలా? పేరు చెప్పండి. ఆ మనిషి ఎదురుగా నిలబడి ఒక్క మాట అడుగుతాను."

"మనిషి కాదు లొరెట్టా. మనిషైతే ఎవరో ఒకరికి మొహమాటపడతాడని, ఏరే పని మనుషులకి అప్పజెప్పలేదు. అది ఏరి ఇచ్చిన తొమ్మిది పేర్లకీ ట్రస్టీలు చేతులెత్తి సరేనన్నారు, అంతే."

"అది అంటే?"

ఫిలిప్పా కళ్ళద్దాలు పెట్టుకుని, లొరెట్టా తెచ్చిన కాగితాలు మొదటిసారి తన వైపు తిప్పుకుంది. పేజీ పైనుంచి మెల్లగా వేలు జరిపింది.

వేలు మొదటి వార్త మీదే, 'జల్లెడ' అన్న పెద్దక్షరాల దగ్గర ఆగిపోయింది.