తావుర్యా బొమ్మ

అచ్చయ్య చూపించిన బొమ్మను చూసి సారమ్మ తల అడ్డంగా ఊపింది.

"గిట్ల ఉండడు," అంది.

అచ్చయ్యకు ఒళ్ళు మండింది. సూర్యాపేటలో సగం దుకాణాల బోర్డులు అతని చేతివే. ఇళ్ళలో వేలాడే దేవుళ్ళ పటాలూ అతనివే. ఇరవై ఏళ్ళుగా రంగులు కలుపుతున్నవాడికి నాట్లేసే మనిషి వంకలు పెట్టడమా?

కానీ పక్కనే కుర్చీలో సుబేదారు కూర్చుని ఉన్నాడు. ఆమె ఎలా చెబితే అలా దిద్దాలని అతని హుకుం.

అది 1949 ఎండాకాలం. బడిని ఖాళీ చేయించి సైనికులు అందులో క్యాంపు పెట్టారు. వాళ్ళు వెతుకుతున్న కమ్యూనిస్టు దళనాయకుడు తావుర్యాకు ఫోటో లేదు. అతణ్ణి ఎరిగినవాళ్ళు దెబ్బలు తిన్నారే గాని నోరు విప్పలేదు. గరిడేపల్లిలో సారమ్మ ఇంట్లో అతను రెండుసార్లు అన్నం తిన్నాడని తెలిసి ఆమెను పట్టుకొచ్చారు. తుపాకి మడమతో వేళ్ళ మీద కొట్టారు. రెండో రోజుకు ఆమె చెబుతానంది.

"ఏం తక్కువైంది?" అచ్చయ్య విసురుగా అడిగాడు.

"తక్కువ గాదు, నల్ల గీత ఎక్కువైంది. మొఖం సుట్టూ కంచె ఏసినట్టున్నది. దవడ నీడల కలిసిపోవాలె."

సిరా గీత లేకపోతే ముఖం నిలవదని అతను వాదించాడు. సుబేదారు కసిరాడు.

అచ్చయ్య కొత్త కాగితం తీశాడు. ఈసారి గీత గీయకుండా మట్టిరంగును నీళ్ళలో పలచగా కలిపి పరిచాడు. తడి ఆరకముందే దవడ కింద ముదురు రంగు తాకించాడు. రంగు తనంత తానే పాకి నీడ అయింది.

ముఖం కాగితంలోంచి ముందుకు వచ్చినట్టయింది.

అచ్చయ్య కుంచె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఇన్నేళ్ళలో అతని చేతికి ఆ పని రాలేదు.

మర్నాడు ఆమె కళ్ళ దగ్గర ఆపింది. రెండూ ఒక్క తీరుగా, దేవుడి కళ్ళలా ఉన్నాయంది. ఎండలో పనిచేసే మనిషి కుడి కన్ను కొంచెం చికిలిస్తాడంది. సిరా పై రెప్పకు చాలు, కింది రెప్పకు వద్దంది. తలగుడ్డ కట్టే చోట నుదురు తేటగా ఉండాలంది. చెబుతున్నంతసేపూ ఆమె వాచిన వేలు కాగితానికి తగలకుండా గాలిలోనే ఆ ముఖం వెంట తిరిగింది.

అచ్చయ్య చెప్పినట్టే చేశాడు. చేసిన ప్రతిసారీ బొమ్మ బాగుపడింది. బాగుపడినకొద్దీ అతనికి ఆమె మీద కోపం పెరిగింది.

మూడో రోజు నోటి దగ్గరికి వచ్చారు.

"జర నవ్వుతడు," అంది సారమ్మ.

పట్టుకోవలసినవాడికి నవ్వెందుకన్నాడు సుబేదారు. అచ్చయ్య ఆ పెదాలను సిరాతో మూసేశాడు.

బొమ్మ పూర్తయింది. సుబేదారు అచ్చయ్య భుజం తట్టి, సారమ్మను పొమ్మన్నాడు.

పోతూ పోతూ ఆమె, పక్కన పడేసిన కాగితాల్లో ఒకటి తనకిమ్మని అడిగింది. తాను పెట్టిన వంకలు ఊళ్ళో చూపించి నవ్వుకోవడానికేనని అచ్చయ్య అనుకున్నాడు. ఆమె కళ్ళముందే వాటిని ముక్కలు చేశాడు.

ఆ బొమ్మకు అతను వేసిన నకళ్ళను కోదాడ, మిర్యాలగూడ, గరిడేపల్లి పంపి గోడలకు అంటించారు. కోదాడ సంతలో జనం దాని ముందు ఆగి, ఇప్పుడే మాట్లాడేలా ఉన్నాడని అనుకోవడం అచ్చయ్య చెవులారా విన్నాడు. ఆ పని ఎవరు నేర్పారని ఒకరు అడిగితే, ఎవరూ నేర్పలేదన్నాడు.

రెండు నెలలు గడిచినా ఎవరూ దొరకలేదు.

శ్రావణంలో దళం మనిషి ఒకడు గాయంతో పట్టుబడ్డాడు. బొమ్మ చూపిస్తే ఆ మనిషెవరో తెలియదన్నాడు. కాలు విరగ్గొట్టినా అదే మాట. తావుర్యా కృష్ణానది దాటిపోయి నెల అయిందన్నాడు.

సుబేదారు అచ్చయ్యను పిలిపించి చెంప మీద కొట్టాడు. జీపులో పడేసి గరిడేపల్లి తీసుకుపోయాడు.

పొలంలో ఇరవై మంది ఆడవాళ్ళు ముఖాలు కనబడకుండా తలలకు కొంగులు చుట్టుకుని, వంగి నాట్లేస్తున్నారు. సారమ్మ ఎవరని సైనికులు అడిగితే ఒక్కరూ నడుమెత్తలేదు. ఆ పేరు గలవాళ్ళు ఇక్కడ లేరని జానమ్మ అనే ముసలామె మాత్రం అంది.

సుబేదారు అచ్చయ్య వైపు చూశాడు. నారు గుచ్చుతున్న చేతుల్లో, దెబ్బకు వంకరపోయిన ఒక వేలును అచ్చయ్య అప్పటికే గుర్తుపట్టాడు.

అచ్చయ్య చెంప ఇంకా మండుతోంది.

"గా కొసకెల్లి మూడో మనిషి," అన్నాడు.

సారమ్మ నారుకట్ట కింద పెట్టి, తనే నడిచి గట్టెక్కింది. ఆ ముఖం ఎవరిదని సుబేదారు అడిగాడు. ఆమె చెప్పలేదు. అతను రెండోసారి అడగలేదు. తుపాకి పేలింది.

చేతిలోని బొమ్మను ఆమె మీదికి విసిరేసి అతను జీపెక్కాడు. అచ్చయ్యను అక్కడే వదిలేసి పోయారు.

జానమ్మ వచ్చి కాగితాన్ని తీసింది. రంగు చెదరకుండా, అంటిన బురదను కొంగుతో మెల్లగా అద్దింది.

"ఎవలవ్వా గాయన?" అచ్చయ్య అడిగాడు.

జానమ్మ అతనివైపు చూడలేదు. బొమ్మ అంటించిన రోజే ఊరంతా గుర్తుపట్టిందని, ఎవరూ నోరు మెదపలేదని చెప్పింది. బతికున్నవాడి పోలిక చెబితే వాణ్ని చంపుతారని, అందుకే ఇక చంపడానికి వీల్లేని మనిషి పోలిక సారమ్మ చెప్పిందంది.

"దీని పెనిమిటి ఉప్పలయ్య. పోయినేడు గీ గట్టు మీదనే కాల్చిండ్రు."