పంకా లేని పడవ

మా మిస్సోరీ సరస్సు ఒడ్డున పాత పడవ కొనేవాళ్లు ముందుగా దాన్ని మోసే ట్రైలర్ బండి టైరును తంతారు. అందువల్ల పడవ గురించి ఏం తెలుస్తుందో నాకు ఇంతవరకూ అంతుపట్టలేదు. నా రోజుల్లో నేనూ తన్నాను. పొరుగువాణ్ణి కదా అని నన్ను తోడు తెచ్చుకున్న మార్లా కూడా తన్నింది. ఆమెకిది మొదటి పడవ.

"తన్నడం అయిందా అమ్మాయ్? పడవ దాని పైన ఉంది," అన్నాడు అమ్ముతున్న వెర్జిల్.

"అడుగున తిరిగే పంకా, అదే ప్రొపెల్లర్, ఉండదుగా, వెర్జిల్ గారూ? మా పిల్లలు కప్పల్లాంటివాళ్లు. పొద్దస్తమానం నీళ్లలోనే."

"ఉండదు. నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, అంతే. నేనూ అందుకే కొన్నాను."

నడిపి చూడకుండా ఇక్కడ ఎవరూ కొనరు. ముగ్గురం ఎక్కాం. సరస్సు మధ్యలో వెర్జిల్ ఒక లైఫ్ జాకెట్‌ను నీళ్లలోకి విసిరాడు.

"చుట్టు తిరిగొచ్చి దాని మీదికి పోనియ్. దగ్గరికొచ్చాక తప్పించు."

దగ్గరికొచ్చాక మార్లా, కారులో అలవాటైనట్టే, వేగం పూర్తిగా వదిలేసి స్టీరింగ్ తిప్పింది. స్టీరింగ్ తిరిగింది, పడవ తిరగలేదు. దాన్ని తిప్పాల్సింది వెనక చిమ్మే నీళ్లే, అవి ఆగిపోయాయి. పడవ తిన్నగా లైఫ్ జాకెట్ మీదుగా పోయింది.

"అయ్యో, తొక్కేశాను!" మార్లా దాన్ని పైకి లాగి, తిప్పి చూసి నవ్వింది. "ఒక్క చిరుగు లేదు చూడండి! పంకా పడవైతే పీలికలయ్యేది."

"అవునమ్మా. మా మనవరాలి ఒంటి మీదా ఒక్క గీత లేదు. నీళ్లలోంచి తీసినప్పుడు నిద్రపోతున్నట్టే ఉంది."

మార్లా నవ్వు ఆగిపోయింది. వెర్జిల్ ఆమె చేతిలోంచి లైఫ్ జాకెట్ తీసుకుని మళ్లీ విసిరాడు.

"ఈసారి వేగం వదలకుండా తిప్పు. అది నీకు చేతనయ్యేదాకా ఈ పడవ అమ్మను."